ఎనిమిదో ఫోనుకు ముందు గంట

బస్సు కంభం దాటేటప్పటికి పది గంటల యాభై నిమిషాలయింది. గిద్దలూరు చేరడానికి ఇంకా గంట పడుతుంది. గంట అంటే మిగతా అందరికీ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరగడమేమో గానీ, కండక్టరు అరుణకుమారికి మాత్రం పొత్తికడుపు కుండలా అంచుదాకా నిండటం. కంభంలో బస్సు ఆగింది అయిదే నిమిషాలు. మరుగుదొడ్డి ముందు ఆడవాళ్ళ వరస గుమ్మం దాటి బయటికొచ్చి ఉంది. చీర మీద ఖాకీ చొక్కా వేసుకుంది, డ్యూటీలో ఉంది, కాస్త ముందుకు పోనీయండమ్మా అంటే ఎవరూ కాదనరు, అయినా అడగలేదు. అడగకపోవడం ఆమెకు పంతొమ్మిదేళ్ళ అలవాటు, ఉద్యోగంలో చేరిన రోజు మెడలో టికెట్ల సంచీతో పాటు తగిలించుకున్న అలవాటు. సంచీ పోయి మిషను వచ్చింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. పొద్దున లేచి గుక్కెడు నీళ్ళు, మధ్యాహ్నం గిద్దలూరులో గుక్కెడు, సాయంత్రం ఇంటికి పోయాక చెంబెడు. షుగరున్నవాళ్ళు నీళ్ళు బాగా తాగాలని డాక్టరు చెప్పాడు, తాగితే ఎక్కడికి పోవాలో చెప్పలేదు. "ఎక్కినోళ్ళు టికెట్ అడగండమ్మా, ఆధార్ చేతిలో పెట్టుకోండమ్మా" అని అరుస్తూ ఆమె మనుషుల మధ్య భుజం దూర్చింది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమయినప్పటినుంచి బస్సులో ఊపిరాడదు, అయినా ఇంతమంది ఆడవాళ్ళు ఇల్లు దాటి బయటికి రావడం చూస్తే ఆమెకు లోపల ఎక్కడో బాగుంటుంది, మీదికి మాత్రం విసుక్కుంటుంది. ఇవాళ మంగళవారం. పన్నెండింటికి ఫోనొస్తుంది. ఎనిమిదోది, ఆఖరిది. ఆ ఫోనులో ఏదో ఒకటి చెప్పాలి, చెప్పడానికి చేతిలో ఏమీ లేదు.

కంభం బస్టాండు వెనక్కి పోతుంటే ఆమె కావాలని అటు చూడలేదు. పదహారు రోజుల క్రితం ఆమె పడింది అక్కడే. ఆ రోజు తెల్లవారుజాము డ్యూటీ. అయిదింటికి మాత్ర వేసుకుంది, వేసుకున్న అరగంటలో ఏదో ఒకటి తినాలి, టిఫిను డబ్బా మూత తీసేలోపల జనం ఎక్కారు, తర్వాత తిందాంలే అనుకుంది, ఆ తర్వాత రానే లేదు. ముందు చేతులు వణికాయి, మిషను మీద అంకెలు రెండు రెండుగా కనిపించాయి, మెడ వెనక చల్లటి చెమట, నాలుక మందంగా, తనది కానట్టుగా. ఎవరినో ఏ ఊరని అడగబోతే మాట ముద్దగా వచ్చింది. ఆ తర్వాత ఆమెకు తెలిసింది ఫోన్లో చూసినదే. ఇరవై మూడు సెకన్లు. ఖాకీ చొక్కా వేసుకున్న ఒక లావుపాటి ఆడమనిషి తూలి, కమ్మీ పట్టుకోబోయి, పట్టు తప్పి, ఒక పెద్దాయన ఒళ్ళో పడుతుంది. పైట జారి ఉంది. వెనక ఎవరో నవ్వుతారు. కింద రాసి ఉంది, మందు కొట్టి డ్యూటీ చేస్తున్న లేడీ కండక్టర్ అని. ఆ సాయంత్రానికి అది భర్త ఆదినారాయణ జిరాక్సు దుకాణానికి కూడా చేరింది. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "ఎవురికీ ఏం చెప్పబాక. షుగరని తెలిస్తే ఉద్యోగం మీదికొస్తాది. నాలుగు రోజులైతే వాళ్ళే మర్సిపోతారు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ రాత్రి ఆయనే అన్నం కలిపి పెట్టాడు. కానీ అన్నం నములుతూ ఆమె ఆ మాటను కూడా నమిలింది. అంటే తాగుబోతని ఊరంతా అనుకున్నా ఫరవాలేదు, రోగం ఉందని మాత్రం తెలియకూడదు. తాగుడు కంటే చిన్నతనమా ఇది? డిపోలో జాలిపడినవాళ్ళు ఒక దారి చూపించారు. తిరుగుడు డ్యూటీ వద్దు, కౌంటరులో కూర్చుంటానని అర్జీ పెట్టుకోమన్నారు. అర్జీ టైపు కూడా చేయించి ఇచ్చారు. అందులో ఆమె శరీరం సహకరించడం లేదని ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. ఇవాళ సాయంత్రం ఇవ్వాలి.

శరీరం సహకరించడం లేదట. ఎవరు ఎవరికి సహకరించలేదు? ఈ శరీరం పంతొమ్మిదేళ్ళు ఆపుకోమంటే ఆపుకుంది, తినొద్దంటే మానుకుంది, నిలబడమంటే నిలబడింది. ఇద్దరు బిడ్డల్ని మోస్తున్నప్పుడు కూడా ఏడో నెల దాకా ఈ కమ్మీలు పట్టుకుని ఊగింది. బస్సు గుంతలో పడి లేచింది. కడుపులో కుండ తొణికింది. ఆమె కాళ్ళు దగ్గరికి తీసుకుని, పెదవి కొరుక్కుని, "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అంది. లోపల ఖాళీ లేదు.

ఫోను సంగతి మొదట చెప్పింది ఆసుపత్రిలో షుగరు చూసే నర్సు వీరమ్మ. "అక్కా, మనసుకు గూడా వైద్యం జేస్తారంట, ఫోన్లోనే. ఎనిమిది వారాలు" అంది. "నాకేం పిచ్చా?" అంటే వీరమ్మ నవ్వలేదు. "పిచ్చి గాదక్కా. షుగరున్నోళ్ళకు లోపల దిగులుంటాదంట. దిగులుంటే మాత్రలు ఏసుకోబుద్ధి గాదంట, తిండి ఎక్కువో తక్కువో అవుతాదంట. నీకెట్ల ఉందో నేనే చూస్తాండా గదా. నువ్వేమో ఈడుంటావు, ఆయమ్మ విశాఖపట్నంలో ఉంటాది. మొగాలు చూసుకునేది లేదు." మొహాలు చూసుకునేది లేదన్న మాటకే అరుణకుమారి ఒప్పుకుంది. మంగళవారం గిద్దలూరులో బస్సు ముప్పావుగంట ఆగుతుంది. జనం దిగిపోయాక, ఖాళీ బస్సులో వెనక సీటులో, అద్దాలన్నీ మూసుకుని, ఎండకు ఉడికిపోతూ మొదటి ఫోను ఎత్తింది. అవతల చిన్న గొంతు, తన పెద్దకూతురి వయసుండొచ్చు. మహేశ్వరి అని పేరు చెప్పింది. ఏం తింటున్నారని అడుగుతుందనుకుంది. డాక్టరు అడిగేది అదే, భర్త అడిగేది అదే, పక్కింటివాళ్ళు అడిగేది అదే. అన్నం మానేశావా, రాగిసంకటి తింటున్నావా, కాకరకాయ రసం తాగావా అని. ఆ పిల్ల మాత్రం, "షుగరు వచ్చిందని తెలిసిన రోజు మీకు ఎలా అనిపించిందండీ?" అంది. నాలుగేళ్ళయింది వచ్చి. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. దిగులేసిందని చెప్పాలేమో, ఫోను చేసేది దిగులు కోసమే గదా. కానీ నోటికి వచ్చింది వేరే. "కోపమొచ్చింది మేడం" అంది. "ఎవరి మీదండీ?" "అందరి మీద." ఫోను పెట్టేశాక చూసుకుంటే చొక్కా వీపంతా తడిసి ఉంది, మనసు మాత్రం మూత తీసిన గిన్నెలా ఉంది.

మూడోసారి పేచీ వచ్చింది. కళ్ళు మూసుకుని నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చమంది ఆ పిల్ల. అరుణకుమారికి ఎక్కడలేని మంట పుట్టింది. "ఊపిరి తీసుకునేది గూడా నాకు నేర్పిస్తారా మేడం? యాభైమంది ఎక్కాల్సిన బస్సులో నూరుమంది ఎక్కితే, వాళ్ళ చంకల కింద నిలబడి పంతొమ్మిదేండ్ల నుంచి పీలుస్తానే ఉండా. మీరు ఫ్యాను కింద కూర్చోని లెక్కపెట్టుకోండి" అని పెట్టేసింది. ఇంక చెయ్యరులే అనుకుంది. మళ్ళీ మంగళవారం సరిగ్గా పన్నెండుకు మోగింది. అవతల అలక లేదు, బుజ్జగింపూ లేదు. "పోయినవారం నేను తొందరపడ్డానండీ. మీకు వద్దనిపించింది, వద్దన్నారు. మంచి పనే చేశారు. ఈ మధ్య ఇంకెక్కడైనా అలా వద్దన్నారా మీరు?" ఆ ప్రశ్న వారం రోజులు ఆమె వెంట పడింది. టికెట్లు కొడుతూ వెతికింది, బియ్యం కడుగుతూ వెతికింది. వద్దన్న చోటు ఒక్కటీ దొరకలేదు. వద్దన్నది ఆ పిల్ల ఒక్కదానికే, అదీ మొహం కనపడదు కాబట్టి.

వేపలదిన్నె స్టేజీలో ఒక ముసలామె ఎక్కింది. పాదాలు వాచి చెప్పుల్లోంచి పొంగుకొచ్చి ఉన్నాయి. చేతిలో ఎక్సురే కవరు, చంకలో గుడ్డసంచీ. ఆధార్ కార్డులో పేరు రోశమ్మ. సున్నా టికెట్టు చింపి ఇస్తుంటే ముసలామె తలెత్తి ఆమె మొహంలోకి కళ్ళు చిట్లించి చూసి, బస్సంతా వినపడేట్టు, "నువ్వు ఆ ఫోన్లో పడిపోయిన కండక్టరమ్మవు గదా తల్లీ? మా మనవడు సూపించినాడు" అంది. ఆ గొంతులో చెడు లేదు, తెలిసిన మొహం కనిపించిన సంతోషమే ఉంది. కానీ ముందు సీట్లో తెల్లచొక్కా ఆసామి ఒకడు వెనక్కి తిరిగి, "ఈ రోజు ఇంకా ఎయ్యలేదా మేడం?" అన్నాడు. నలుగురు నవ్వారు. నవ్వినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. అరుణకుమారి మిషను మీద మీట నొక్కింది. నొక్కాల్సిన పని లేకపోయినా నొక్కింది. చెంపలు కాలుతున్నాయి. చెప్పు, చెప్పు, షుగరని చెప్పు, రెండక్షరాల మాట కాదు, మూడక్షరాల మాట, నాలుక మీదే ఉంది. ఆదినారాయణ గొంతు అడ్డం వచ్చింది, ఎవురికీ చెప్పబాక. దాని వెనక ఇంకో గొంతు కూడా వచ్చింది. అది తన గొంతే, పదేళ్ళ క్రితంది, గట్టిగా, కత్తిలా. ఉమ్మెయ్యి.

ఉగాది రోజు. గిద్దలూరులో అన్న ఇల్లు. పిల్లలు, అల్లుళ్ళు, వరసగా వేసిన పీటలు. అమ్మ సుబ్బులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అమ్మకు అప్పటికి షుగరు వచ్చి ఆరేళ్ళు, ఎడమకాలి బొటనవేలు తీసేసి రెండేళ్ళు. ఎవరూ చూడటం లేదనుకుని పక్కనున్న మనవరాలి విస్తట్లోంచి బెల్లం ఓళిగ సగం తుంచి నోట్లో పెట్టుకుంది. అరుణకుమారి చూసింది. ఆ రోజుల్లో ఆమె అమ్మకు కూతురు కాదు, కాపలా. అరటిపళ్ళు ఎన్నున్నాయో లెక్క, చక్కెర డబ్బా ఎంతదాకా ఉందో గుర్తు. "ఉమ్మెయ్యి. నోరు కట్టుకోలేవా నువ్వు? ఇంకో వేలు గూడా పోవాల్నా?" అంది, అందరి ముందూ. అమ్మ నమలడం ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నోట్లోది చేతిలోకి తీసుకుని, విస్తరి అంచున పెట్టి, చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత బతికిన రెండేళ్ళూ అరుణకుమారి ముందు ఇష్టంగా ఏదీ తినలేదు. అమ్మ పోయిన మూడో రోజు ఆమె మంచం మీదికి చీమలబారు ఎక్కుతుంటే, ఎక్కడికి పోతున్నాయా అని చూస్తే, దిండు గలీబులో కాగితం చుట్టిన బెల్లం ముక్క, గోరంత కొరికి ఉంది. తల పెట్టుకునే చోట దాచుకుంది. కన్నకూతురికి భయపడి.

ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. ఏడో ఫోనులో చెప్పింది. చెబుదామనుకోలేదు, మహేశ్వరి వేరే ఏదో అడుగుతుంటే మధ్యలో వచ్చేసింది. చెప్పి, ఖాళీ బస్సులో ముందు సీటు వెనక తల ఆనించి కూర్చుంది. అవతల ఆ పిల్ల అయ్యో అనలేదు. కొంతసేపు ఎక్కడో కాకి అరుపు మాత్రం వినపడింది, విశాఖపట్నం కాకి. తర్వాత, "ఆ రోజు మీరు దేనికి భయపడ్డారండీ?" అని మెల్లగా అడిగింది. "అమ్మ కాలు పోతాదని." "ఆ మాట అమ్మగారికి చెప్పారా?" "లేదు. ఉమ్మెయ్యమన్నా." "ఇప్పుడు మీతో మీరు ఎలా మాట్లాడుతున్నారు?" అరుణకుమారికి జవాబు వెతకాల్సిన అవసరం రాలేదు. పొద్దున అద్దం ముందు నిలబడితే లోపల మాట్లాడేది ఆ గొంతే. తిన్నావు, అనుభవించు. లావెక్కావు, అనుభవించు. పడ్డావు, నవ్వారు, అనుభవించు. అమ్మ పోయినా కాపలా పోలేదు, మనిషి మారింది అంతే. ఫోను పెట్టేముందు మహేశ్వరి ఒక పని చెప్పింది. "ఈ వారంలో మీకు కావలసింది ఏదైనా ఒక్కటి, నలుగురి ముందు, కారణం దాచకుండా అడగండి. చిన్నదైనా సరే." "గదిలో కూర్చోని చెప్పేదానికి ఏం మేడం, సులువే. నా బస్సు మీకు తెలీదు." "నిజమేనండీ, నాకు మీ బస్సు తెలియదు. మీకే తెలుసు. అందుకే ఏది అడగాలో నేను చెప్పడం లేదు." వారం అయిపోయింది. ఏదీ అడగలేదు. పన్నెండుకు ఆ పిల్ల అడుగుతుంది, ఏం చెప్పాలి? కంభంలో వరసలో ముందుకు పోనిమ్మని కూడా అడగలేకపోయానని చెప్పాలి.

రైలుగేటు పడింది. డ్రైవరు గౌస్ మొహిద్దీన్ ఇంజను ఆపి, వాచీ చూసుకుని, తలుపు తోసుకుని దిగిపోయాడు. మూడేళ్ళ నుంచి ఈ రూట్లో ఆయనే డ్రైవరు, మంచి మనిషి, బండి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నడుపుతాడు. ఆయన వెనకే తెల్లచొక్కా ఆసామి దిగాడు. వాళ్ళ వెనక ఇంకో పదిమంది మగాళ్ళు. కట్ట పక్కన వరసగా నిలబడ్డారు. చెట్టు చాటు కూడా చూసుకోలేదు, ఒకడు ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. బస్సులో ఆడవాళ్ళంతా ఒక్కసారే తలలు అవతలి కిటికీల వైపు తిప్పుకున్నారు. ఎవరూ చెప్పకుండానే, పొద్దుతిరుగుడు పూలు తిరిగినట్టు. అరుణకుమారి కూడా తిప్పుకుంది. తిప్పుకుని, ఆ తిప్పుకున్న తలలన్నీ చూసింది. ఒక చంటిబిడ్డ తల్లి, కాలేజీ పిల్లలు ఇద్దరు, కూరగాయల బుట్టతో ఒకామె, రోశమ్మ. రోశమ్మ మోకాళ్ళు రెండూ దగ్గరికి బిగించి, గుడ్డసంచీ ఒడిలో అదిమి పట్టుకుని ఉంది. ఆ బిగింపు అరుణకుమారికి తెలుసు. ఆ కూర్చోవడంలో తాను పట్టా పుచ్చుకుంది. గూడ్సు బండి పోవడానికి ఆరు నిమిషాలు పట్టింది. పెట్టెలు దడదడమంటుంటే ఆమె కడుపులో కూడా దడదడమంది. మగాళ్ళు చేతులు దులుపుకుంటూ, తేలికపడ్డ మొహాలతో ఎక్కారు. గేటు లేచింది. "రైట్" అన్నది ఆమే. తన నోటితోనే అన్నది.

ఆ తర్వాతి రెండు కిలోమీటర్లు ఆమె టికెట్లు కొట్టలేదు, ఎవరినీ జరగమనలేదు, రెండు కమ్మీల మధ్య కదలకుండా నిలబడింది. ఇంకో అరగంట. లోపల గుడ్డ పెట్టుకునే ఉంది, రోజూ పెట్టుకుంటుంది, పోయిన నెల మంట పుట్టి జ్వరమొచ్చి పదిరోజులు మందులు మింగింది కూడా. అయినా ఇంకో అరగంట ఆపుకోవచ్చు. ఆపుకున్న రోజులు లేవా? ఆపుకోవచ్చు, సాయంత్రం అర్జీ మీద సంతకం పెట్టొచ్చు, కౌంటరులో కూర్చోవచ్చు, పక్కనే మరుగుదొడ్డి ఉంటుంది, ఆపుకునే పనే ఉండదు. అందరికీ సుఖం. తెల్లచొక్కాకు సుఖం, ఆదినారాయణకు సుఖం. రేపు ఇదే బస్సు ఇదే గేటు దగ్గర ఆగుతుంది, మగాళ్ళు దిగుతారు, ఇంకో అరుణకుమారి రైట్ అంటుంది. రోశమ్మ సంచీ అదిమి పట్టుకుంటుంది. వద్దు. ఎక్కడ వద్దన్నారండీ అని అడిగింది గదా ఆ పిల్ల, ఇదిగో ఇక్కడ. వద్దు. విజిలు ఆమె పెదవుల దగ్గరికి ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియదు. ఒక్కటే ఊదింది, పొడుగ్గా, ముందు తలలన్నీ వెనక్కి తిరిగేట్టు. బస్సు ఎడమపక్కకు వొదిగి, దుమ్ము లేపుకుంటూ ఆగింది. అటూ ఇటూ కందిచేలు, కొంచెం అవతల గుబురుగా సర్కారు తుమ్మ, దూరంగా నల్లమల నీలంగా.

"ఏంది అరుణమ్మా, ఈడ స్టేజీ లేదే?" అన్నాడు గౌస్ మొహిద్దీన్. అబద్ధం తయారుగానే ఉంది. టైరులో ఏదో చప్పుడు, డిక్కీ తలుపు ఊడినట్టుంది, ఏదైనా చాలు. ఆమె ఆ అబద్ధాన్ని మింగేసింది. "స్టేజీ గాదు భాయ్. నేను ఒకటికి పోవాల" అంది. వెనక సీట్లకు కూడా వినపడేట్టు, ఇంకా గట్టిగా అంది. "నాకు షుగరుంది. నాలుగేండ్ల నుంచి ఉంది. ఇంకో అరగంట నావల్ల గాదు. మొన్న కంభంలో నేను తాగి పడలా. మాత్ర ఏసుకోని, తినేదానికి టయిం లేక, షుగరు డౌనయి పడినా. వీడియో అందరూ సూసినారు గదా, ఇది గూడా ఇనండి." తెల్లచొక్కా ఆసామి వాచీ చూపించి, "మేడం, మాకు గిద్దలూరులో కోర్టు పనుంది, పన్నెండుకు పిలుస్తారు" అన్నాడు. అరుణకుమారి ఆయన దగ్గరికి నడిచింది. "గేటు కాడ దిగినావు గదన్నా నువ్వు. అప్పుడు లేదా కోర్టు?" ఈసారి కూడా నవ్వు లేచింది. ఆ నవ్వు వేరే వైపు నుంచి వచ్చింది.

ఆమె మెట్టు దిగేలోపల వెనక నుంచి రోశమ్మ లేచింది. "ఉండు తల్లీ, నేనూ వస్తా. తెల్లారి ఆరింటి నుంచి బిగబట్టుకోనుండా" అంటూ కమ్మీలు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక కూరగాయల బుట్ట ఆమె, బుట్ట సీటు మీద పెట్టి. ఆ తర్వాత చంటిబిడ్డను పక్కామె చేతికిచ్చి తల్లి. కాలేజీ పిల్లలు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని దిగారు. మొత్తం పదకొండుమంది. అరుణకుమారి ముందు నడుస్తుంటే పదిమంది వెనక, దారిలేని చేనుగట్టు మీద, పెళ్ళిపిలుపుకు పోతున్నట్టు. తుమ్మ గుబురు దగ్గర కాలేజీ పిల్లలు చున్నీలు ముడివేసి అడ్డంగా పట్టుకున్నారు. ముందు రోశమ్మను కూర్చోబెట్టారు, మోకాళ్ళు వంగకపోతే అరుణకుమారే రెక్క పట్టుకుంది. తన వంతు వచ్చినప్పుడు, కడుపులో కుండ వంగి ఖాళీ అవుతుంటే, ఆమెకు ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. నవ్వొచ్చింది. పంతొమ్మిదేళ్ళు. ఇంతేనా? ఇంత చిన్నదానికా? పక్కనుంచి చంటిబిడ్డ తల్లి, ముప్పై కూడా ఉండవు, గుసగుసగా అంది. "అక్కా, నాకూ షుగరే. కాన్పులో వచ్చింది, పోలా. ఇంట్లో చెప్పలేదు. మాత్రలు పసుపు డబ్బాలో పెట్టుకుంటా." దిండు గలీబు. చీమలు. అరుణకుమారి ఆ పిల్ల భుజం పట్టుకుంది. మంచి మాటలేవీ నోటికి రాలేదు. "డబ్బాలోంచి తీసి అన్నాల కాడ పెట్టు. అందరికీ కనపడేట్టు పెట్టు. ఎవురన్నా అడిగితే, నా మాత్రలు అని చెప్పు" అంది. ఆ మాట ఆ పిల్లకు చెప్పిందో, ఇంకెవరికి చెప్పిందో.

తిరిగొచ్చి బస్సెక్కాక ఆమె డ్రైవరు పక్కన పెట్టిన సీసా తీసి, నిలబడే, సగం సీసా నీళ్ళు గటగటా తాగింది. డ్యూటీ మధ్యలో ఇన్ని నీళ్ళు తాగడం ఇదే మొదలు. గడ్డం మీదుగా ఖాకీ చొక్కా మీదికి కారాయి, తుడుచుకోలేదు. తలెత్తితే తెల్లచొక్కా ఆసామి ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఆమెకు ఒక్క క్షణం ఆ ఇరవై మూడు సెకన్లు గుర్తొచ్చాయి. పోలేదు ఆ భయం, ఒక్క రోజులో పోదు. అయినా పక్కకు తిరగలేదు. "ఇంకొంచెం పైకెత్తన్నా, మొగం సరిగ్గా పడాల. పేరు రాసుకో, అరుణకుమారి. కింద ఏం రాయాల్నో అది గూడా నేనే చెప్తా. షుగరున్న కండక్టరు నీళ్ళు తాగతాంది అని రాయి." ఆయన ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు. కిటికీ బయట చూడటం మొదలుపెట్టాడు. గౌస్ మొహిద్దీన్ గేరు వేస్తూ, అద్దంలోంచి ఆమెను చూడకుండా, "మూడేండ్లు నా బండ్లోనే ఉండావు. ఒక్క మాట చెప్పుంటే ఆపేవాణ్ణి గదమ్మా" అన్నాడు. "నువ్వు దిగేటప్పుడు ఒక్క మాట అడిగింటే నేనూ చెప్పేదాన్ని గదా భాయ్" అంది ఆమె. ఆయన ముందు పోతున్న ట్రాక్టరును దాటించాడు. తర్వాత, ఎవరితోనో అన్నట్టు, "ఆ తుమ్మచెట్ల కాడ రోజూ ఆపుదాంలే" అన్నాడు.

ఏదీ తీరిపోలేదని ఆమెకు తెలుసు. పొద్దున పరగడుపున షుగరు రెండువందల పద్దెనిమిది ఉంది, రేపు అంతే ఉండొచ్చు. సాయంత్రం ఆదినారాయణ చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి ఎందుకు చెప్పావంటాడు. అననీ. ఆయనకూ కూర్చోబెట్టి చెప్పాలి, అమ్మ దిండు సంగతితో సహా. అర్జీ మీద సంతకం పెట్టేది లేదు. డిపోలో మందలిస్తారు, మెమో ఇస్తారేమో, ఇవ్వనీ. మెమో తీసుకుని కూడా ఈ కమ్మీలే పట్టుకుంటుంది. గిద్దలూరు ఊరు మొదలయింది, రైల్వే స్టేషను మలుపు, ధాన్యం లారీలు. బస్టాండులో దిగేటప్పుడు రోశమ్మ వాచిన చేత్తో ఆమె చెంప నిమిరి పోయింది. కాలేజీ పిల్లలు చెయ్యి ఊపారు. టైము పన్నెండు దాటి రెండు నిమిషాలు.

రాకపోకలు రాసుకునే కంట్రోలరు శ్రీహరి కిటికీలోంచి లాగ్ షీటు ముందుకు తోశాడు. ఆమె కలం తీసేలోపల ఫోను మోగింది. చెవికి, భుజానికి మధ్య నొక్కిపట్టి, "మహేశ్వరి గారూ, రెండు నిమిషాలు లైన్లోనే ఉండండి. ఒకటి రాస్తాండా, రాసి మాట్లాడతా" అంది. మేడం అనలేదని ఇద్దరూ గమనించారు. "సరేనండీ, రాయండి, ఉంటాను" అంది అవతల గొంతు. శ్రీహరి తలెత్తకుండానే చెప్పాడు. "పన్నెండు నిమిషాలు లేటు. రైలుగేటు అని రాసెయ్యి అరుణమ్మా, అందరూ అదే రాస్తారు."

ఆమె రాసింది. తొందర లేకుండా, బడిలో పలక మీద రాసినట్టు గుండ్రంగా రాసింది. రైలుగేటు ఆరు నిమిషాలు. కండక్టరుకు షుగరు వ్యాధి ఉన్నందున మూత్రవిసర్జనకు బస్సు ఆపడమైనది, ఆరు నిమిషాలు. దిగిన మహిళలు పదకొండుమంది. కింద పూర్తి పేరు, నంబరు, సంతకం.

శ్రీహరి షీటు తిప్పుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆమెను చూశాడు.

"ఏందమ్మా ఇది? ఇది పైదాకా పోతాది. మేనేజరు చదువుతాడు."

"చదవనీ అన్నా. చదవాలనే రాసినా."